తొంభై ఏడు

మంగళవారం ఇద్దరొచ్చి
మా ఫ్రయర్ని తీసుకెళ్ళిపోయారు.
పందొమ్మిదేళ్ళు దాని ముందు నిలబడ్డాను.
నా మోచేతుల మీది మచ్చలన్నీ అది పెట్టినవే.
బెల్టులు బిగించి లారీలోకి ఎక్కిస్తుంటే
అడుగున మిగిలిన నూనె
బడి మెట్ల మీద సన్నగా కారింది.
ఎవరిదో కుక్క వచ్చి నాకి పోయింది.

దాని చోట కొత్త ఓవెన్.
రాష్ట్రం డబ్బుతో కొన్నదని చెప్పే చిన్న ఇత్తడి బిళ్ళ.
ఆవిరి పడుతుంది, గాలి తిప్పుతుంది,
పనయ్యాక పిట్టలా కీచుమంటుంది.
చికెన్ బానే కాలుతుంది, అబద్ధమెందుకు.
కరకరమనదు, అంతే.
మొదటి వారం పిల్లల కన్నా
చెత్తడబ్బాయే ఎక్కువ తిన్నది.

అక్టోబరులో తూకం.
నర్సు ఫాంట్రెస్ జిమ్ము మూల
ఒక నీలం దుప్పటి కట్టింది, సిగ్గుకి తెరగా.
బూట్లు విప్పు. జేబులు ఖాళీ చెయ్యి.
కోర్డెల్ జేబులోంచి మూడు గోళీలు,
సగం కొరికిన బిస్కెట్టు, ఇంటి తాళంచెవి.
తాళంచెవి మాత్రం ఇవ్వనన్నాడు.
సరే, దాంతోనే తూచింది.
నర్సు అంకెలు పైకి చదవలేదు.
అయినా ఎవరు ఎంతసేపు లోపలున్నారో
బయట వరస లెక్కపెట్టుకుంది.

నవంబరులో లిటిల్ రాక్ నుంచి ఉత్తరాలు.
ఇంట్లో ఇమ్మని పిల్లల చేతికే ఇచ్చారు.
మధ్యాహ్నానికి పదకొండు కవర్లు
నా ఎంగిలి తొట్టిలో, బఠాణీల కింద, పాలలో నాని.
ఏరి, తుడిచి, ఓవెన్ నెత్తిన ఆరబెట్టాను.
లోపల చదవలేదు. పేర్లు చదివాను.

మా చెల్లెలి కూతురు ఓజెట్టా కవరు అందులో లేదు.
అది బల్ల దగ్గర నిలబడి
అందరికీ చూపిస్తోంది.
"తొంభై ఏడు! నూటికి తొంభై ఏడు!"
లెక్కల్లో నలభై దాటని పిల్ల.
స్పెల్లింగులో దేవుడే దిక్కయిన పిల్ల.
నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి,
"పెద్దమ్మా, ఫ్రిజ్ మీద అంటిస్తావా?"

మంచి భాషలోనే రాశారు, ఎవర్నీ తిట్టకుండా.
డాక్టరుకి చూపించమన్నారు.
డాక్టరు నలభై మైళ్ళ అవతల.
తాజా పళ్ళు పెట్టమన్నారు.
మా ఊరి కొట్టు మూతపడి నాలుగేళ్ళు,
పెట్రోలు బంకు కౌంటరు మీద ఒకే ఒక్క అరటిపండు
చిప్స్ కన్నా ఖరీదుగా నల్లబడుతోంది.
రోజూ గంటసేపు ఆడనివ్వమన్నారు.
ఆటల పీరియడ్ పరీక్షలకి ఇచ్చేయమన్నదీ వాళ్ళే,
అది వేరే ఉత్తరం.

ఎగతాళికి అనడం లేదు.
షుగరు మా అమ్మ బొటనవేలు తిన్నది ముందు,
తర్వాత పాదం.
ఆసుపత్రి దుప్పటి కింద ఆ చదును చోటు
ఇప్పటికీ నా చేతికి తగులుతుంది.
ఎనిమిదో ఏట ఆవిడకి ఎవరైనా
ఇలాంటి కాయితం ఇచ్చి ఉంటే?
ఇచ్చినా, అదీ ఏ తొట్టిలోనో నానేదేమో.

"ఇది మార్కు కాదే తల్లీ," అన్నాను.
"మరేంటి?"
"నీ ఈడు పిల్లల్ని ఓ వందమందిని
వరసలో నిలబెట్టారనుకో..."
"నేను చివరా?"
బరువు అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది.

ఓవెన్ కీచుమంది.
చిలగడదుంప ముక్కలు, కాస్త మిరప్పొడి,
రాష్ట్రం మెనూలో లేనిది, నా సొంతం.
ఊదుకుంటూ ఒకటి తిన్నది.
"కరకరమనట్లేదు."
"అనదు."
ఇంకోటి తీసుకుంది.

ఆ సాయంత్రం బస్సెక్కలేదు మేం.
కాలిబాట లేని రోడ్డు.
పత్తి లారీ వచ్చినప్పుడల్లా
గడ్డిలోకి దిగి ఆగడం,
జుట్టులోంచి దూది తీసుకోవడం.
మైలున్నరలో రెండుసార్లు
నా మోకాళ్ళు నన్ను కూర్చోబెట్టాయి.
అది ముందుకు పరిగెత్తి, వెనక్కొచ్చి,
మళ్ళీ పరిగెత్తి,
వంతెన దగ్గర ఆగి
చేతులు నోటికి అడ్డంపెట్టి అరిచింది:

"పెద్దమ్మా, నీకెంత వచ్చింది?"